ఎస్తేరమ్మ గుమ్మానికి చారల కర్టెను

గోదావరి పొంగి మా వీధి అరుగులెక్కిన ఏడాది నేను ఈ ఇంటికి వచ్చాను. నేను ఒక గుమ్మం కర్టెనుని. మరమగ్గం మీద పుట్టాను. తెల్ల చార, నల్ల చార, మళ్లీ తెల్ల చార, మళ్లీ నల్ల చార. చార వెడల్పు చిటికెన వేలంత. నా పుట్టుక గురించి అంతకు మించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

ఆ వరదలో ఇంటి పాత తెర కొట్టుకుపోయింది. నీళ్లు తీశాక దానియేలు నరసాపురం బజారుకి వెళ్లాడు. గోదావరి దాటించే పంటు మీద పనిచేసి మానేసిన మనిషి. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. కొట్టతను నన్ను దులిపి పరిస్తే దానియేలు కళ్లు చికిలించి చూశాడు. నన్ను చూసినవాళ్లంతా అలాగే చికిలిస్తారు. అది నా అందానికే అనుకునేవాణ్ణి.

ఇంటికి తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. ఎస్తేరమ్మ చాలాసేపు పట్టుకుని నిలబడింది. "బాగుందండి" అంది.

ఆమెది లేసు పని. గుమ్మానికి ఎదురుగా పీట వేసుకుని, కొక్కెం సూదితో పొద్దస్తమానం అల్లుతుంది. ఇంకేం, రోజంతా నన్నే చూస్తుందనుకున్నాను. చూపంతా ఒళ్లో ఉన్న ఆ పిసరంత లేసు మీదే. నేను గుమ్మమంత ఉన్నాను. గాలికి ఊగుతాను. వీధి చివరికి కనబడతాను. అది అరచేతిలో ఇమిడిపోతుంది, దానికో రంగు కూడా లేదు. దాన్ని వేళ్లతో నిమురుతుంది. నాకు ఆదివారం ఒక దులుపుడు.

నెల తిరక్కుండా ఎస్తేరమ్మ పీట తిప్పేసింది. నాకు వీపు పెట్టి కూర్చుంది. తన నీడ తన పని మీదే పడి, కనబడక ఇంకా వంగింది. ముద్దు పెట్టుకునేంత దగ్గరకి పోయింది ఆ లేసుకి. ఆ కుళ్లు నాకు చాన్నాళ్లు తీరలేదు.

తలనొప్పులు మొదలయ్యాయి. కణతలకి శొంఠి పట్టు వేసుకునేది. అల్లిక తప్పసాగింది. ఒకరోజు, దారం ఇచ్చి లేసు పట్టుకెళ్లే చిట్టెమ్మ వచ్చి ముక్కని పైకెత్తి చూసింది.

"ఇదేంటే ఎస్తేరూ? పువ్వుకి ఎనిమిది రేకులుండాలా, దీనికి ఏడు, దానికి తొమ్మిది. అల్లుతా అల్లుతా కునుకుతున్నావేంటి?"

"కళ్లు లాగేత్తన్నాయి అక్కా."

"ఇంకో నెల చూత్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే నీ దారం ఇంకోళ్లకి ఇచ్చేత్తా. ఏమీ అనుకోమాకు."

పన్నెండో ఏట పట్టుకున్న సూది. అది లేకపోతే ఆ చేతులకి ఏం చెయ్యాలో తెలియదు. నిజం చెప్పొద్దూ, నేను సంతోషించాను. లేసు పోతే ఇక మిగిలేది నేనే కదా.

దానియేలు ఆమెకి కళ్లద్దాలు చేయించాడు. పెట్టుకుని నా వైపు తిరిగిందో లేదో "అమ్మో" అని తీసేసింది. అద్దాల్లోంచి నా చారలు మరీ కొట్టొచ్చినట్టు కనబడ్డాయట.

ఆ నెల ముగిసేలోపే హిమజ అని ఒక కాలేజీ పిల్ల వచ్చింది. ఇళ్లల్లో కళ్లకి ఏది హాయి, ఏది ఇబ్బంది అని పరిశోధన చేస్తోందట. వెలుతురు కొలిచే మీటరు ఒకటి ఎస్తేరమ్మ ఒళ్లో పెట్టింది, గుమ్మం దగ్గర పెట్టింది, ఏదో రాసుకుంది. తర్వాత బొమ్మల అట్టలు తీసింది. ఆకులు చూపించింది, మబ్బులు చూపించింది. "బానే ఉందమ్మా" అంది ఎస్తేరమ్మ. చారల అట్ట తీయగానే మొహం తిప్పేసుకుంది.

"తీసెయ్ తల్లీ. కదిలిపోతన్నట్టుంది. అచ్చం మా..." అని ఆగిపోయింది.

హిమజ నా వైపు చూసింది. తనూ కళ్లు చికిలించింది.

"ఇదా పిన్నిగారూ! ఇలాంటి దట్టమైన చారలు కొంతమంది కళ్లకి పడవండి. తలనొప్పి కూడా వస్తుంది. దీన్ని తప్పించుకోడానికి వెనక్కి తిరిగితే మీ నీడే మీకు అడ్డం. తీసేసి చూడండి."

"తియ్యనమ్మా."

"అదేంటండీ?"

భర్త పెరట్లో ఉన్నాడనుకుని ఎస్తేరమ్మ గొంతు తగ్గించింది. "మా ఆయన తెచ్చింది. ముప్పై ఏళ్ల కాపరంలో నేనడక్కుండా తెచ్చింది ఇదొక్కటే. బాలేదంటే ఇంకెప్పుడన్నా తెత్తాడా? తలనొప్పిదేముంది, వత్తది, పోతది."

దానియేలు పెరట్లో లేడు. నాకు అవతల, అరుగు మీద నిలబడి ఉన్నాడు. లోపలికి రావడానికి నా అంచు పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. కాసేపటికి వదిలేసి వీధిలోకి వెళ్లిపోయాడు.

అప్పటిదాకా లేసు మీద కుళ్లుకున్నాను. ఆ పూట నుంచి ఆ మూగ మనిషి మీద. పద్నాలుగు నెలలు ఆమె నన్ను గుమ్మానికి ఉంచుకున్నది నా కోసం కాదు.

మర్నాడు పొద్దున్నే దానియేలు నన్ను దింపాడు. నాలుగు మడతలు పెట్టి పీట మీద పరిచాడు. పీటని గుమ్మం వైపు తిప్పాడు.

"అదేంటండీ, తీసేశారు?"

"పీట గట్టిగా ఉంటది. మెత్తగా కూచో."

"ముప్పై ఏళ్లకి తెలిసిందా గట్టిగా ఉంటదని?"

ఆయన వంగి నా మడత సరిచేశాడు. ఎస్తేరమ్మ నా మీద కూర్చుని సూది తీసింది. నా కొస ఒకటి బయటికి వేలాడుతోంది, అందులోంచే చూశాను. గుమ్మం నిండా వెలుతురు. లేసు పాలనురుగులా ఉంది. ఒకటి, రెండు అని రేకులు లెక్కపెట్టుకుంటోంది.

దానియేలు చుట్ట తీసి గడప మీద కూర్చోబోయాడు. ఆయన నీడ వెళ్లి ఆమె ఒళ్లో పడింది. చూశాడు. లేచి, పక్కకి జరిగి, గోడవార కూర్చున్నాడు.