రుక్మిణమ్మ చేసిన ప్రార్థన

పుంగనూరు పొలిమేర దాటీ దాటకముందే బర్నబాస్ బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆగడానికి దానికి ఇంకే రోజూ దొరకలేదు. టైము ఏడున్నర. ఎనిమిదికి మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో రుక్మిణమ్మకు గర్భసంచి ఆపరేషను.

రుక్మిణమ్మ ఎదురింటామె. తల్లి పోయాక బర్నబాస్‌కు అన్నం పెట్టి పెంచింది ఆమే. కత్తంటే మహా భయం. ఇప్పటికే రెండుసార్లు థియేటర్ గడపదాకా పోయి ఇంటికి తిరిగొచ్చేసింది. ఈసారీ అలాగే చేస్తే ప్రాణానికి ముప్పని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ఆపరేషన్‌కు ముందు రోగి తల దగ్గర నిలబడి ప్రార్థన చేయడం ఆ ఆసుపత్రిలో పాత రివాజు. థియేటర్లో పనిచేసే బర్నబాస్‌దే ఆ వంతు. "నువ్వొచ్చి ప్రార్థన సేస్తేనే నేను లోపలికి పోయేది" అని నిన్ననే మాట తీసుకుంది.

కిక్కు మీద కిక్కు కొట్టాడు. ప్లగ్గు విప్పి, తుడిచి, ఊది, బిగించాడు. ట్యాంకు ఊపితే పెట్రోలు గళగళమంటోంది. మరి దీనికేం రోగం? చెయ్యెత్తితే టమోటా లారీ ఆగలేదు, బస్సూ ఆగలేదు. రోజూ పలకరించేవాళ్ళంతా ఈరోజే ఏ దారిన పోయారో. కాళ్ళు ఒక్కచోట నిలవడం లేదు. బండి చుట్టూ తిరిగాడు, దాన్ని నానా తిట్లూ తిట్టాడు.

నర్సు శాంతకుమారి ఫోను. "అన్నా, యాడుండావు? ఈయమ్మ సెప్పులేసుకుంటాండాది."

"ఆమె చెవి కాడ పెట్టు సిస్టర్."

బండి పక్కనే మోకరించాడు. "ప్రభువా..." ఇరవై ఏళ్ళుగా చెబుతున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. "పెద్దమ్మా, బండి నిల్సిపోయింది. నాకేం తోచేల్యా," అనేశాడు.

అవతల రుక్మిణమ్మ గొంతు సవరించుకుంది. "యాలప్పా అంత తత్తరపాటు? తల వంచుకో. నేను సేస్తా."

ఆమె చేసింది. "యేసయ్యా, బోయకొండ గంగమ్మా, మీలో ఎవురికి తీరికుంటే వాళ్ళు మా బర్నా బండి కదిలియ్యండి. బిడ్డ రోడ్డు మింద నిలబడుండాడు. ఆమేన్."

తల వంచుకున్నవాడు కళ్ళు తెరిస్తే ముక్కుకు ఎదురుగా పెట్రోలు ట్యాపు. మూసి ఉంది. రాత్రంతా చుక్కలు కారుతుందని పడుకునే ముందు రోజూ దాన్ని మూసేది తనే. తెల్లారి హడావుడిలో తెరవడం మరిచాడు. గొట్టంలో మిగిలిన కాస్తతోనే ఇంత దూరం వచ్చాడు. చెంపలు వాయించుకోవాలనిపించింది.

ట్యాపు తిప్పాడు. మూడో కిక్కుకు బండి అందుకుంది.

"ఇన్యావా సిస్టర్, స్టార్టాయె," అంటోంది ఫోనులో రుక్మిణమ్మ. "పదండి, నన్ను లోపలికి తీసకపోండి. నువ్వు నిదానంగా రా నాయనా."

"ట్యాపు మూసింది నేనే పెద్దమ్మా" అనే మాట నోటిదాకా వచ్చింది. దానికి బదులు ఫోను సైలెన్సరు దగ్గర పట్టుకుని, ఆమెకు బాగా వినబడేలా ఇంకాస్త రేజ్ చేశాడు.