ముందు చూసినవాళ్లకే పిప్పరమెంటు

బడి నుంచి వచ్చిన కాగితం నా చేతిసంచిలో, కొలతల టేపు పక్కన, మడతపెట్టి ఉంది. గువ్వ బోర్డు మీద రాసింది సరిగా ఎక్కించుకోవడం లేదనీ, పాఠం మీద బొత్తిగా శ్రద్ధ లేదనీ, సెలవులయ్యాక కింది సెక్షన్‌లో వేస్తామనీ, సమ్మతిస్తూ సంతకం పెట్టి పంపమనీ అందులో ఉంది. గువ్వ మా అమ్మాయి. పదేళ్లది. అసలు పేరు బడి రిజిస్టరులో తప్ప ఎక్కడా వాడం.

"పెట్టేయరాదూ సంతకం? అక్కడైనా కుదురుగా చదువుతుందేమో," అన్నారు మావారు.

"ముందు దానికేమయిందో తెలియనివ్వండి. వసపిట్టలా వాగేది, ఇప్పుడు నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టుంది. ఇంకా నాలుగు రోజులు సెలవులున్నాయి. కారేసుకుని ఆ నేషనల్ పార్కుకి పోదాం."

"అడవికి పోతే లెక్కలొస్తాయా?"

"రావు. కానీ రానూపోనూ ఒకే కారులో ఆరు గంటలు కూర్చుంటే మనసులో ఉన్నది ఎప్పుడో ఒకప్పుడు బయటికొస్తుంది. ఇంట్లో ఎక్కడ కుదురుతుంది? మీరు కొట్లో, నేను మిషను ముందు, అది పుస్తకంలో తల దూర్చి."

మావారిది కళ్లజోళ్ల దుకాణం. మా ఇంటి కిందే. ఇరవై ఏళ్లలో ఆయన దానికి పనిరోజున తాళం వేసింది రెండుసార్లే, రెండుసార్లూ జ్వరం వచ్చే. నేను పై గదిలో బట్టలు కుడతాను. గువ్వ బడి నుంచి రాగానే నా సూదులన్నిటికీ దారాలెక్కించి పెడుతుంది. నల్ల సూదిలో నల్ల దారమైనా సరే, ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్క పోటుకు ఎక్కిస్తుంది.

చివరికి ఆయన ఒప్పుకున్నారు. అయినా ఊరికే వస్తారా? వచ్చేటప్పుడు దారిలో ఇవ్వాల్సిన కళ్లజోళ్లు నాలుగు ఒక పెట్టెలో సర్ది డిక్కీలో పెట్టుకున్నారు.

మా అత్తగారు కిటికీ పక్కన కూర్చున్నారు, ఒళ్లో పిప్పరమెంటు డబ్బాతో. నిరుడు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయినప్పటినుంచీ ఆవిడకు లోకమంతా కొత్తగా ఉంది. బయల్దేరిన పది నిమిషాలకే ఆట మొదలుపెట్టారు.

"దేన్నయినా ముందు చూసినవాళ్లకే పిప్పరమెంటు. అదిగో, కొండ మీద తెల్ల మేక! నాకొకటి."

"బిళ్లలూ నీవే, తీర్పూ నీదేనా అమ్మా?" అన్నారు మావారు.

"నువ్వు రోడ్డు చూడరా. నీకు పోటీ లేదు."

మధ్యాహ్నానికి మా అత్తగారికి తొమ్మిది, నాకు నాలుగు. గువ్వకు సున్నా. ఎవరేం చూపించినా "ఆ, చూశాలే" అనడం, మళ్లీ పుస్తకం ముఖానికి ఆనించుకోవడం.

"ప్రతి పుట్టినరోజుకీ కొట్లో కళ్లు పరీక్షించే అక్షరాల పట్టిక చివరి వరుస దాకా గడగడా చదువుతావు. డేగ చూపున్నదానివి, ముసలావిడ చేతిలో ఓడిపోతావేంటే?" అన్నారాయన.

గువ్వ పుస్తకం వెనక ముఖం దాచుకుంది. దాని చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. నాకు సంచిలో కాగితం గుర్తొచ్చింది.

పార్కు గేటు దగ్గర కాపలాదారు కారాపి, హారన్ కొట్టొద్దు, ఇరవైకి మించి వేగం వద్దు అన్నాడు. ఆ వేగంతో పోతుంటే చెట్ల వాసన కారులోకి వచ్చి కూర్చుంది. మావారు మొదటిసారి వాచీ చూసుకోవడం మానేశారు. గేటు నుంచి దారి చెరువును చుట్టుకుని మళ్లీ గేటు దగ్గరికే వస్తుంది. అక్కడ మంచెలాంటి చెక్క బురుజు ఒకటుంది. పైకెక్కితే చెరువు, అవతల పచ్చిక.

ఆయన బైనాక్యులర్స్ సరిచేసుకుని అవతలి గట్టు చూశారు. "కొంగ. చూడు గువ్వా."

అది తీసుకుంది. మధ్యలో ఉన్న చక్రం అటూ ఇటూ తిప్పింది. తిప్పి, ఒక్కసారిగా ఊపిరి బిగబట్టింది.

"నాన్నా! దానికి మోకాళ్లున్నాయి! నీళ్లలో దాని బొమ్మ కూడా ఉంది!"

పొద్దుటినుంచీ దాని నోటి నుంచి వచ్చిన అతి పొడుగు మాట అదే. నేను అత్తగారి చెయ్యి నొక్కాను.

ఆయన బైనాక్యులర్స్ వెనక్కి తీసుకుని కళ్లకు పెట్టుకున్నారు. "ఛ, ఎవరు తిప్పారు దీన్ని? అంతా పొగమంచులా ఉంది." సరిచేసుకుని మళ్లీ ఇచ్చారు. గువ్వ మళ్లీ తిప్పుకుంది. ఆయన మళ్లీ అడిగి తీసుకున్నారు. మళ్లీ పొగమంచు.

మూడోసారి ఆయన సరిచేసుకోలేదు. చక్రం మీద బొటనవేలు ఉంచి, అది ఎంతదాకా తిరిగిందో చూస్తూ ఉండిపోయారు. ముఖంలో రంగు మారింది. కొట్లో ఎవరికైనా కళ్లు పరీక్షించేటప్పుడు వచ్చే నెమ్మది గొంతుతో అడిగారు.

"గువ్వా, ఆ గేటు పక్క బోర్డు మీద ఏముందమ్మా?"

"ఏ బోర్డు?"

తలుపంత పసుపుపచ్చ బోర్డు అది.

"మరి మన కొట్లో పట్టిక ఎలా చదువుతున్నావు?"

"అది చదవడమెందుకు? నాకొచ్చుగా. దాని కిందే కూర్చుని హోంవర్కు చేసుకునేదాన్ని కదా. కింది నుంచి పైకి చెప్పమన్నా చెప్తా." గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది కూడా.

ఆయన బైనాక్యులర్స్ మెల్లగా కింద పెట్టేశారు.

"ఊరందరి కళ్లూ చూసేవాడివి," అన్నారు మా అత్తగారు. "దీపం కింద చీకటని ఊరికే అన్నారా?"

"ఆయన్నొక్కర్నే అనకండి అత్తయ్యా. అది నా సూదిలో దారమెక్కిస్తుంటే నేనూ మురిసిపోయాను." గువ్వను దగ్గరికి లాక్కున్నాను. "నాకైనా చెప్పలేదేమే?"

"ఏం చెప్పాలి? అందరికీ ఇలాగే ఉంటుందనుకున్నా. మీరంతా తెలివిగలవాళ్లు కాబట్టి కనిపెడతారు, నేను మొద్దుని కాబట్టి కనిపెట్టలేను అనుకున్నా." నా కొంగు వేలికి చుట్టుకుంటూ, "టీచరు కూడా అదే అంటారు," అంది.

ఆయన కిందికి దిగి, కళ్లజోళ్ల పెట్టెతో వచ్చారు. మూడు చూసి పక్కన పెట్టి నాలుగోది తీశారు. "పోస్టాఫీసు గుమస్తాగారివి. దగ్గర దగ్గరగా సరిపోవచ్చు. అయిదు నిమిషాలే, తర్వాత ఇచ్చేయాలి."

నల్లటి పెద్ద ఫ్రేము దాని ముక్కు మీంచి జారిపోతుంటే రెండు చేతులతో పట్టుకుంది. ముందు ఎదురుగా ఉన్న చెట్టును చూసింది. చాలాసేపు అటే చూసింది.

"ఆకులు దేనికవే ఉన్నాయి," అంది మెల్లగా. ఆ తర్వాత చెరువు, గట్టు, పచ్చిక... "అదిగో! దుప్పి! చెట్టు వెనక, కొమ్ములు మాత్రమే!"

మాకెవరికీ కనిపించలేదు. దుప్పి తల విదిలిస్తేగానీ మా అత్తగారికి కూడా ఆనలేదు. ఆవిడ డబ్బా మూత తీసి, ఒకటి కాదు, గువ్వ చేతిలో గుప్పెడు పోశారు.

తిరుగుదారిలో అయిదు నిమిషాలు అనుకున్నది ఎన్ని అయిదులయిందో ఎవరూ లెక్కపెట్టలేదు. "పెట్రోలు బంకు రెండు కిలోమీటర్లు! మలుపు ఉంది జాగ్రత్త! ఇచ్చట పంక్చర్లు వేయబడును!" బోర్డన్నదల్లా చదివేసింది. ఊరి దగ్గర పడేసరికి మా అత్తగారు చెవులు మూసుకుని, "ఒరేయ్, దీన్ని ఆ కాగితం పంపిన బడివాళ్లు చూడాలి, కింది సెక్షనట!" అన్నారు.

అప్పుడే ఆయన కారు పక్కకు ఆపి కాగితం ఇమ్మన్నారు. టేపు పక్కన్నుంచి తీసి ఇచ్చాను. కారు బానెట్ మీద పెట్టి, సంతకం చోటంతా అడ్డంగా కొట్టేసి, వెనక వైపు రాశారు. పాపకు దూరం చూపు తక్కువ. కనిపెట్టవలసినది నేను, కనిపెట్టలేదు. రేపు డాక్టరుకు చూపించి, వారంలో కళ్లజోడు చేసి పెడతాను. దయచేసి ఉన్న సెక్షన్‌లోనే, ముందు బెంచీలో కూర్చోబెట్టండి. కింద సంతకం.

గుమస్తాగారింటి ముందు ఆగినప్పుడు గువ్వ కళ్లజోడు తీసి ఇచ్చింది. మావారు పొడిగుడ్డతో ఒకసారి, తడిగుడ్డతో రెండుసార్లు తుడిచారు. అయినా గుమస్తాగారు పెట్టుకుని, "ఏంటండీ, కళ్లజోడు పిప్పరమెంటు వాసన వస్తోంది?" అన్నారు.

"కొత్త రకం లెండి," అన్నారు మావారు.