ముందు సీటు

రామ్‌దాస్ తల కారు డాష్‌బోర్డు కింద ఉంది, నడుము ముందు సీటు అంచు మీద ఉంది, కాళ్లు వాకిట్లో ఉన్నాయి. అరవై దాటిన మనిషి పడుకోవలసిన తీరు కాదది. నోట్లో టార్చిలైటు, చేతిలో స్క్రూడ్రైవరు. ఎప్పుడో తెచ్చి పెట్టిన చాయ్ బానెట్ మీద మీగడ కట్టింది.

"చాయ్ తాగుతవా, దానికి గూడ హారతియ్యాల్నా?" అని గడపలోంచి అడిగింది అంజవ్వ.

నోట్లో టార్చి పెట్టుకున్నవాడు జవాబేం చెప్తాడు? కాలు ఆడించాడు. ఇన్నేళ్ల కాపురంలో మొగుడి కాలి భాష కూడా ఆమెకు వచ్చేసింది. కప్పు తీసుకుపోయి మళ్లీ వేడిచేసి తెచ్చింది.

కారు అతనిది కాదు. కోస్తా నుంచి వచ్చి బోధన్ కాలువ కింద భూములు కొనుక్కుని స్థిరపడిన వీరరాఘవయ్యది. ఆయన దగ్గర డ్రైవరుగా చేరిన నాడు రామ్‌దాస్ మీసాలు నల్లగా ఉండేవి. చెరకు రోజుల్లో ఫ్యాక్టరీకి, తర్వాత మోర్తాడ్‌లో పసుపు పండించే స్నేహితుల ఇళ్లకు, చివరి రోజుల్లో నిజామాబాద్ కంఠేశ్వర్‌లో డాక్టరు దగ్గరికి, పెద్దాయన ఎటు వేలు చూపిస్తే అటు తిప్పాడు. ఊళ్లో రామ్‌దాస్ ఎవరంటే ఎవరూ చెప్పరు. "తెల్లకారు డ్రైవరు" అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు.

దీపావళి ముందు పెద్దాయన పోయాడు. ఇంట్లో కారుతో ఎవరికీ పని లేకపోయింది. దాన్ని కొనుక్కున్న మోర్తాడ్ ఆసామి ఒకాయన రేపు మధ్యాహ్నం వచ్చి తోలుకుపోతాడు. కారుతో పాటు డ్రైవరు పనీ అయిపోతుంది. నిన్న పెద్దాయన భార్య నాగకుమారమ్మ పిలిచి చెప్పింది. "ఎల్లుండి మాఘ అమావాస్య కదా రామ్‌దాసూ. బండి వెళ్లిపోయేలోగా మీ ఆవిడని కందకుర్తి తీసుకెళ్లి రా. ఇన్నాళ్లూ మమ్మల్నేగా తిప్పావు."

అంజవ్వ ఆ కారు అసలు ఎక్కలేదని కాదు. రెండు మూడు సార్లు ఎక్కింది, వెనక సీట్లో, బస్తాల మధ్య. ముందు సీటు పెద్దాయనది. ఆయన లేనప్పుడు ఆయన చేతికర్రది. కందకుర్తిలో మంజీర వచ్చి గోదారిలో కలిసే చోట అమావాస్య మునక వెయ్యాలని ఆమె పెళ్లయిన కొత్తలో అడిగింది. ఏటా ఆ పొద్దున పెద్దాయన కుటుంబాన్ని తీసుకుపోవడం రామ్‌దాస్ డ్యూటీ. "మల్లచ్చే యేడు పోదం" అనేవాడు. అలా అన్న ప్రతిసారీ అతనికి సిగ్గుగా ఉండేది. ఆ సంగతి ఆమెకు ఎన్నడూ చెప్పలేదు.

తీరా దేవుడు వరమిస్తే పూజారి అడ్డుపడ్డట్టు ఇప్పుడు బ్లోయరు మొరాయించింది. అద్దానికి వేడిగాలి కొట్టే ఫ్యాను అది. పొగమంచులో కిటికీలు మూసుకుని పోతే మనుషుల ఊపిరికే అద్దం మసకబారి ఎదుటి లారీ కూడా కనపడదు. తెరుచుకుని పోతే చలిగాలికి అంజవ్వకు దమ్ము లేస్తుంది, ఊపిరాడదు. షెడ్డు మెకానిక్కు చూస్తే నాందేడ్‌లో పెండ్లికి పోయాడు.

పక్కింటి హన్మాండ్లు గోడ మీద మోచేతులు ఆనించి సలహా పడేశాడు. "అద్దానికి జర్దా రుద్దరాదే అన్నా. మంచు పట్టదు. లారోల్లు గట్లనే జేస్తరు."

"జర్దా వాసనకు నేను గోదారి దాక ఏడ పోత? ఈ గల్లీలనే పోత," అంది అంజవ్వ.

రామ్‌దాస్ ముందు ఫ్యూజు చూశాడు. బాగానే ఉంది. స్విచ్చు అన్ని నంబర్ల మీదా తిప్పాడు. చప్పుడు లేదు. చివరికి బ్యాటరీ నుంచి రెండు వైర్లు లాగి నేరుగా మోటరుకే తగిలించాడు. మోటరు సన్నగా మూలిగింది గానీ ఫ్యాను కదల్లేదు.

"పానం ఉన్నదే," అన్నాడు సంబరంగా. "ఏందో అడ్డం పడ్డది."

సామాన్లు పెట్టుకునే డబ్బా ఊడదీసి, దాని వెనక స్క్రూలు విప్పి ఫ్యాను బయటికి లాగాడు. రెక్కల నిండా ఎలుక గూడు. చెరకు పీచు, దూది, వాటి మధ్య కుప్పలుగా ఆకుపచ్చ ఉన్ని. రామ్‌దాస్ ఆ ఉన్నిని వేళ్లతో విడదీసి చూసి అలాగే చతికిలబడ్డాడు. పెద్దాయన మఫ్లరది, నిరుడు చలికాలంలో కనబడకుండా పోయింది. "ఎక్కడ పారేశావురా?" అని పోయేదాకా సాధిస్తూనే ఉన్నాడాయన.

"నేను పారెయ్యలేదు సారూ. గిదిగో, సూడు," అన్నాడు ఖాళీగా ఉన్న ముందు సీటుతో. పెద్దాయన మీద బెంగ అతనికి అప్పుడు, ఆ ఎలుక గూడు దగ్గర పుట్టింది. అంజవ్వ చూసీ చూడనట్టు లోపలికి పోయింది.

హన్మాండ్లు ఇచ్చిన కుట్టుమిషను నూనె రెండు చుక్కలు ఇరుసులో పడేసరికి ఫ్యాను వేలితో తాకితే చాలు గిర్రున తిరిగింది. మళ్లీ బిగించి, అంజవ్వను పిలిచి స్విచ్చు వేశాడు. ఎట్లా వస్తుందో చూద్దామని ఆమె తలుపులోంచి వంగి మొహం పెట్టింది. బుస్సుమని గాలి, గాలితో పాటు పసుపు. నుదురు, ముక్కు, కనురెప్పలు అంతా పసుపే.

తప్పు రామ్‌దాస్‌దే. నిరుడు మోర్తాడ్ నుంచి తెస్తున్న పసుపు సంచి ముందు సీటు కింద పగిలితే, చీపురుతో ఊడ్చి, మిగిలిన పొడి బయటికి పోతుందని బ్లోయరు ఫుల్లుగా పెట్టాడు. పొడి బయటికి కాదు, గొట్టాల్లోకి పోయి కూర్చుంది.

తుమ్ముల మధ్య అంజవ్వ నవ్వింది. "పెండ్లినాడు గూడ ఇంత పుయ్యలేదు కదనే నాకు."

"అవ్, పసుపు పూసిన మీ మేనత్త పిసినారి," అన్నాడు రామ్‌దాస్. "కూసో రాదూ ముందట. గాలి మంచిగొస్తున్నది."

"ఇప్పుడు వద్దు. రేపు తానం జేసి కూసుంట."

గొట్టాల్లో పసుపు అయిపోయేదాకా ఫ్యాను తిప్పి, సీటు తుడిచేసరికి సాయంత్రమైంది.

తెల్లవారుజామున గల్లీ పొగమంచులో మునిగి ఉంది. రామ్‌దాస్ ఇంజను వేడెక్కనిచ్చి బ్లోయరు పెట్టాడు. అద్దం అడుగు నుంచి మెల్లగా తేటపడింది. అంజవ్వ కొత్త చీర కట్టుకుని, తడి జుట్టు ముడేసుకుని వచ్చింది. ముందు తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, సీటును వేళ్లతో తాకి కళ్లకద్దుకుని, కుడికాలు లోపల పెట్టి కూర్చుంది. వెచ్చటి గాలి మొహానికి తగిలింది.

"నీకు ఊపిరి ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది. పోనియ్యి. మెల్లగ పోనియ్యి, లేకుంటె తొవ్వ జల్ది అయిపోతది."

కారు గల్లీ మలుపు తిరిగింది. ఎర్రదీపాలు కాసేపు కనబడి మంచులో కలిసిపోయాయి. కాసేపటికి వేపపుల్ల నములుతూ బయటికి వచ్చిన హన్మాండ్లు గోడ మీంచి తొంగిచూసి, నవ్వబోయి ఆగాడు. కారు ముందు తలుపు ఉన్న చోట, గుడి మెట్ల దగ్గర విడిచినట్టు, అంజవ్వ చెప్పులు రెండూ పక్కపక్కనే ఉన్నాయి.