ఈల వేశారా, లేదా

కళ్లజోడు అంటే ఆమె పలుకుతుంది. దుకాణంలో కూర్చుని అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే మనిషి కాబట్టి, ఇంటర్నెట్‌లో అందరూ కలిసి రాసే విజ్ఞాన సర్వస్వంలో ఖాతా తెరిచిన రోజున ఆ పేరే పెట్టుకుంది. అప్పట్లో ఆమె రాసిందల్లా కటకాల గురించి, కంటిపొరల గురించి. ఎవరికీ పట్టని విషయాలు కనుక ఎవరితోనూ పేచీ లేదు. అక్కడే ఉండిపోతే హాయిగా ఉండేది. నెమ్మదస్తురాలని పేరు రావడమే కొంప ముంచింది. పదిమందీ కలిసి ఆమెను నిర్వాహకురాల్ని చేశారు. అంటే పేజీలకు తాళం వేసే హక్కు, గొడవ చేసేవాళ్లను కొన్నాళ్లు బయట నిలబెట్టే హక్కు చేతికొచ్చాయన్నమాట. జీతం లేదు. తిట్లు మాత్రం ఏ రోజువి ఆ రోజు అందుతాయి.

ఆ తిట్లలో ముప్పాతిక వంతు ఒక్క వ్యాసం తెచ్చిపెట్టినవే. దాని పేరు 'రేవు కాల్పులు'. ఆమె పుట్టకముందెప్పుడో రేవులో కూలీలు సమ్మె చేస్తే కాపలా దళం కాల్పులు జరిపింది. మనుషులు పోయారు. అంతవరకు అందరూ ఒప్పుకుంటారు. పేచీ అంతా ఒక్క వాక్యం మీద. దళం తుపాకీ పేల్చేముందు, జనం పారిపోవడానికి వ్యవధి ఇస్తూ ఒక జవాను పొడవాటి ఈల వేయాలి. 'హెచ్చరిక ఈల వేసిన తర్వాతే దళం కాల్పులు జరిపింది' అని వ్యాసంలో ఉంది. వేశారంటే తప్పు కూలీలది. వేయలేదంటే అది హత్య. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆ వాక్యం మీద జనం జుట్టూజుట్టూ పట్టుకుంటారు.

అందుకే అలాంటి వ్యాసాలకు కట్టుబాట్లు వేరు. కొత్త ఖాతాలు వేలు పెట్టకూడదు. ఒకరు రాసింది ఇంకొకరు రోజుకు ఒక్కసారికి మించి రద్దు చేయకూడదు. అచ్చైన ఆధారం లేనిదే మాట చేర్చకూడదు. నేను చూశాను, మా తాత చెప్పాడు అంటే చెల్లదు. విషయంతో చుట్టరికం ఉన్నవాళ్లు ఆ సంగతి చర్చ పేజీలో ముందే చెప్పుకుని, వ్యాసం జోలికి పోకుండా ఉండాలి. అన్నిటికంటే పెద్ద తప్పు, మారుపేరు వెనకున్న మనిషెవరో బయటపెట్టడం. ఈ చివరిది ఎందుకో అందరికీ ఈమధ్యే తెలిసొచ్చింది. ఆ వ్యాసంలో రాస్తున్న ఒక ట్యూషన్ మాస్టారి ఊరూపేరూ ఎవరో పసిగట్టి బయట వేశారు. కాపలా దళాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగే జెండా మనుషులు ఆయన కోసం వీధి మలుపులో కాచుకున్నారు. కుడిచెయ్యి విరిగి, ఇప్పుడాయన ఎడమచేత్తో బోర్డు మీద లెక్కలు వేస్తున్నాడు.

ఇంత జరుగుతున్నా భయం లేకుండా పిట్టగోడ అనే ఖాతా ఒకటి రంగంలోకి దిగింది. తొందరపడి దిగలేదు. చాన్నాళ్లు పూలమొక్కల గురించీ కుట్టుపని గురించీ బుద్ధిగా రాసి, అర్హత సంపాదించుకుని మరీ దిగింది. రోజుకు ఒక్కసారే, రూలు తప్పకుండా, ఈల వాక్యాన్ని తీసేసేది. ఎవరో తిరిగి పెట్టేవారు. మర్నాడు మళ్లీ పిట్టగోడ. ఎందుకు తీశావంటే 'అబద్ధం కనుక' అని ఒకటే ముక్క. ఆధారం అడిగితే గోడకు చెప్పినట్టే. చివరికి కళ్లజోడు ఓపిక నశించి, ఆధారమున్న మాటను ఆధారం లేకుండా తీయడం కుదరదని రాసి, పిట్టగోడను ఒక రోజు బయట నిలబెట్టింది. శిక్ష తీరగానే పిట్టగోడ వచ్చి ఆ వాక్యాన్ని మళ్లీ తీసేసింది. ఆపైన ఇరువైపులా మంది పోగై కొట్టుకుంటుంటే కళ్లజోడు వ్యాసానికి తాళం వేసింది. తాళం ఎప్పుడూ తప్పు ప్రతి మీదే పడుతుందని అక్కడివాళ్లలో ఒక సామెత. తాళం పడే క్షణానికి వ్యాసంలో ఈల వాక్యం లేదు.

జెండా మనుషులకు అంతకంటే ఏం కావాలి? పిట్టగోడా కళ్లజోడూ ఒకరేనని, ఒక చేత్తో తుడిచి ఇంకో చేత్తో తాళం వేసిందని, రెండు ఖాతాలూ ఎక్కడినుంచి రాస్తున్నాయో తనిఖీ చేయాలని ఫిర్యాదు పెట్టారు. ఆమె నవ్వుకుంది. నిక్షేపంగా చేసుకోండి అని రాసింది.

శనివారం మధ్యాహ్నం ఒక పెద్దాయన కళ్లజోడుకు అద్దం అరగదీస్తుంటే ఆ తనిఖీ మనిషి దగ్గరనుంచి కబురొచ్చింది. అతన్ని తూనిక అంటారు. ఆమె అతన్ని ఎన్నడూ చూడలేదు కానీ, చెల్లెలి మాటకంటే అతని మాట మీద ఎక్కువ గురి. 'పిట్టగోడ, నువ్వు ఒకే ఇంటి కనెక్షన్ నుంచి రాస్తున్నారు. ఒకసారి కాదు, చాలాసార్లు. చీకటి పడేలోపు ఫలితం చర్చ పేజీలో పెట్టక తప్పదు. నాకు చెప్పాల్సిందేమైనా ఉంటే ఇప్పుడే చెప్పు' అని ఉంది.

చేతిలో అద్దం గీత దాటి అరిగిపోయింది. సోమవారం రమ్మని పెద్దాయనకు చెప్పి, షట్టరు దించేసింది.

కళ్లజోడు ఎవరో ఊరంతా ఎరుగుదురు. ఒకప్పుడు పత్రికవాళ్లు వచ్చి, ఆమెను దుకాణం ముందు నిలబెట్టి ఫొటో తీసి మరీ వేశారు. ఇప్పుడు ఫలితంలో ఇంటి నంబరు రాయక్కర్లేదు. కళ్లజోడు ఇంట్లోంచే అంటే చాలు, జెండా మనుషులు ఎవరినీ దారి అడగకుండా గుమ్మంలోకి వస్తారు. ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురు. భర్త బస్సు డ్రైవరు. రెండు ముక్కలు టైపు చేయమంటే ఆమడ దూరం పరిగెత్తే మనిషి. తను కాదని తనకు తెలుసు. ఇక మిగిలింది అత్తగారు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఇన్నాళ్లూ తను పిట్టగోడ ఎవరా అని బుర్ర బద్దలు కొట్టుకుంది.

అత్తగారు వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. చక్కెర డబ్బాకు ఆనించిన టాబ్లెట్‌లో పేకముక్కల ఆట. ముక్కు మీద కోడలు బిగించిచ్చిన కళ్లజోడే. తెర సరిగ్గా కనపడాలని దూరం కొలిచి మరీ ఇచ్చింది.

"పిట్టగోడ మీరేనా అత్తయ్యా?"

ఆవిడ బుకాయించలేదు. "నన్ను బయట నిలబెట్టావు చూడు, ఆ రోజే అడుగుతావనుకున్నా" అంది.

"ఆ రోజు మీరు నాకు టీ పెట్టిచ్చారు."

"టీకీ దానికీ ఏం సంబంధం? నువ్వు రూలు ప్రకారమే చేశావు."

కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తూనిక రాసింది చదివి వినిపించింది. ట్యూషన్ మాస్టారి చేయి గుర్తు చేసింది. తను ఇప్పుడు అడకత్తెరలో పోకచెక్కలా ఉన్నానని చెప్పింది. ఊరుకుంటే ఫలితం బయటికొస్తుంది. రెండో ఖాతా కూడా తనదేనని ఒప్పుకుంటే ఇన్నేళ్ల పేరు గంగలో కలవడమే కాక, వచ్చేవాళ్లు ఎలాగూ ఈ గుమ్మానికే వస్తారు. ఒక్కటే దారి. ఆ సర్వస్వానికి పెద్దల సంఘం ఒకటుంది, దానికి రహస్యంగా రాస్తే కడుపులో పెట్టుకుంటారు. పిట్టగోడ మా ఇంటి మనిషే, నాకు తెలియకుండా రాసింది, ఇక ఆ వ్యాసం ముట్టదు అని చెప్తే, పైకి ఏమీ చెప్పకుండా ఫిర్యాదు కొట్టేస్తారు. తూనికను ఆపాలంటే ఆ ఉత్తరం ఇప్పుడే వెళ్లాలి.

అత్తగారు అంతా విని, "మరి ఆ వాక్యం?" అంది.

"తిరిగొస్తుంది. ఆధారం ఉందిగా. విచారణలో ఈల జవాను ఇచ్చిన వాంగ్మూలం అచ్చయింది."

"ఆ జవాను మీ మావయ్యే."

మామగారు కాపలా దళంలో పనిచేసిన సంగతి కోడలికి తెలుసు. కాల్పుల రోజున సెలవులో ఉన్నానని ఆయన ఇంట్లో చెప్పుకున్నాడు. కొడుకు ఆ మాటను శిలాక్షరంలా నమ్మాడు. నాన్న చేతికి మసి అంటలేదని స్నేహితుల్లో గొప్పగా చెప్పేవాడు. విచారణ నివేదికలో జవాను పేరు లేదు గనుక ఎవరూ ఎత్తి చూపలేదు.

అత్తగారు గొంతు పెంచకుండా చెప్పుకొచ్చింది. ఈల ఆయన పెదాల మధ్యే ఉంది. ఎదురుగా జనం. నోరు ఎండి పిడచగట్టుకుపోయింది. ఊదుతున్నాననే అనుకున్నాడు. గాలి రాలేదు. ఈల మోగిందో లేదో చూసుకునే తీరిక ఎవరికీ లేదు, వెనకనుంచి తుపాకులు పేలాయి. తర్వాత పై అధికారి పిలిచి, వేశావు కదా అన్నాడు. వేశాను అన్నాడు ఈయన. పెళ్లైన కొత్తలోనే ఆవిడ చూసింది, మొగుడు నిద్రలో బుగ్గలు ఉబ్బించి ఊదుతుంటాడు. గురకలో అదో రకం కాబోలనుకుంది. పోయేముందు ఆసుపత్రి మంచం మీద అసలు సంగతి చెప్పాడు, అబ్బాయికి చెప్పొద్దన్నాడు.

కోడలు ఎదురుగా కుర్చీలో కూర్చుంది. "నేను నమ్ముతున్నాను అత్తయ్యా. కానీ..."

"తెలుసు. చదివాను. చుట్టాల మాట చెల్లదు" అంది ఆవిడ. "చుట్టం అబద్ధం చెప్పి అచ్చేయించుకుంటే మాత్రం చెల్లుతుంది."

దానికి కోడలి దగ్గర జవాబు ఉంది కానీ అది ఈ వంటింట్లో చెప్పదగ్గది కాదు. తలో మాటా తమ ఇంటి నిజమని తెచ్చి పోస్తే జెండా మనుషులూ తమ తాతల మాటలు తెస్తారు, అందుకే ఆ రూలు. ఆ రూలు కోసం ఆమె ఎందరితోనో పోట్లాడింది. బయట ఎండ మెట్ల మీదనుంచి దిగిపోతోంది. అబ్బాయికి తెలుస్తుందా అని అత్తగారు అడిగింది. ఎవరికీ తెలియదని మాటిచ్చి, కోడలు ముందుగదిలోకి వెళ్లి కంప్యూటరు ముందు కూర్చుంది.

పెద్దల సంఘానికి ఉత్తరం మొదలుపెట్టింది. రాయడం కష్టం కాలేదు. ఇలాంటివి ఎందరి చేతనో రాయించిన మనిషి. సగం అయ్యాక, తూనిక తొందరపడ్డాడేమోనని చర్చ పేజీ తెరిచి చూసింది. ఫలితం లేదు. దాని చోట పిట్టగోడ రాసింది ఉంది.

'రేవు కాల్పుల నాడు ఈల బాధ్యత ఉన్న జవాను భార్యను నేను. ఈ సంగతి ముందే చెప్పుకోవాలని రూలు. చెప్పలేదు, అది నా తప్పు. మా కోడలు కళ్లజోడుకు నేనే పిట్టగోడనని ఇవాళే తెలిసింది. ఈల వేయలేదని ఆయన చావుకు ముందు నాతో చెప్పాడు. దీన్ని వ్యాసంలో చేర్చమని అడగను. చేర్చకూడదని నాకు తెలుసు. ఇకమీదట ఆ వ్యాసం ముట్టను.' కింద ఇంటిపేరుతో సహా ఆవిడ అసలు పేరు.

కోడలు దాని కింద వెతికింది. ఇంకా ఎవరూ జవాబు రాయలేదు. ఎవరూ చూసి ఉండకపోవచ్చు. మనిషి ప్రాణం మీదికి తెచ్చే రాతను ఏ నిర్వాహకుడైనా చూసిన క్షణాన దాచేయవచ్చు, తర్వాత సంజాయిషీ చెప్పుకోవచ్చు. ఆ బొత్తాం ఆమె కళ్ల ముందే ఉంది. తను ఈ గొడవలో భాగం కనుక తాళాలు వాడకూడదని ఇంకో రూలు అంటుంది. ఆ రూలు గంగలో పోనీ అనుకుంది. మౌసు మీద వేలు పెట్టింది.

అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. "దాస్తావా?"

"వాళ్లు వస్తారు అత్తయ్యా. మాస్టారిని చూశారుగా."

"నువ్వు ఆధారం లేదన్నావు, ఒప్పుకున్నాను. బయట నిలబెట్టావు, నిలబడ్డాను. రూలు ఏది చెయ్యమందో అదొక్కటే ఇప్పుడు చేశాను. అది కూడా తుడిచేస్తే నేనెక్కడ చెప్పుకోవాలో నువ్వే చెప్పు."

కోడలికి భయం వేసింది. భయం కంటే ఎక్కువగా సిగ్గేసింది. తను రహస్యంగా రాస్తున్న ఆ ఉత్తరం ఇంటిని కాపాడే మాట నిజమే. అబద్ధాన్ని మళ్లీ వ్యాసంలో కూర్చోబెట్టేదీ అదే. ఆ అబద్ధం ఉన్నంతకాలం, చచ్చినవాళ్లు తమ చావుకు తామే కారణమని పిల్లలు చదువుకుంటూనే ఉంటారు. మౌసు మీదనుంచి వేలు తీసింది.

సగం రాసిన ఉత్తరం చెరిపేసింది. చర్చ పేజీలో అత్తగారి మాటల కింద రాసింది: 'ఈవిడ మా అత్తగారు. పైన చెప్పింది నిజం. నాకూ ఈ విషయంతో చుట్టరికం ఉందని ఇవాళే తెలిసింది. నేను వేసిన తాళాన్ని వేరే నిర్వాహకులు పరిశీలించాలి. నా హక్కులు ఇప్పుడే అప్పగిస్తున్నాను.' అప్పగించడానికి రెండు నొక్కులు పట్టాయి. ఆ తర్వాత చూస్తే దాచే బొత్తాం తెర మీద లేదు. ఇక దాచాలన్నా దాచలేదు.

తూనిక దగ్గరనుంచి ఒకే ముక్క వచ్చింది, 'చూశాను' అని. దాని కిందే ఎవరో బూతు రాశారు. దాని కింద ఇంకెవరో, ఆ రోజు రేవులో మా అన్న పోయాడమ్మా, థాంక్స్ అని రాశారు. ఆ తర్వాత పేజీ ఎంత వేగంగా పెరిగిందంటే ఆమె చదవడం మానేసింది. వీధి తలుపు గడియ పెట్టింది. కిటికీలు మూసింది. వీధి చివర ఒక మోటారు సైకిలు ఆగిన చప్పుడైంది. రోజూ ఆగేదే కావచ్చు.

ఫోను మోగింది. భర్త. రోజూ ఈ వేళకు బస్సు డిపోలో పెట్టి, ఏమైనా తేవాలా అని అడుగుతాడు. ఇవాళ అడగలేదు. డిపోలో ఎవరో ఫోను తెచ్చి చూపించారట. గొంతు గుర్తుపట్టలేనంత చిన్నగా ఉంది. గడియ పెట్టుకోమన్నాడు. పెట్టానంది. "అమ్మకివ్వు" అన్నాడు.

అత్తగారు ఫోను అందుకుని చెవి దగ్గర పెట్టుకుంది. బయటివాళ్లందరికీ చెప్పగలిగిన మనిషి ఈ ఒక్కడికి చెప్పడానికి ఇన్నేళ్లూ భయపడింది. కొడుకు ఏదో అడిగాడు, చాలా పొట్టి ప్రశ్న.

"లేదు నాన్నా" అంది ఆవిడ. "మీ నాన్న ఈల వెయ్యలేదు."

అటునుంచి ఏదో బస్సు ఇంజను ఆడుతున్న చప్పుడు వినిపిస్తోంది. కొడుకు ఫోను పెట్టేయలేదు, తల్లీ పెట్టేయలేదు. కోడలు కుర్చీ తెచ్చి ఆవిడ వెనక వేసింది.