పొయ్యి కాడ లేని సాక్షి

సకల జనుల సమ్మె రోజులవి. బస్సులు లేవు, బళ్లు లేవు. మేమంతా బ్యాంకు గేటు ముందే రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేశాం. నీడ అక్కడే ఉంది మరి, ఇంకెక్కడ పెడతాం! ఊరు ఊరంతా తిన్నది. మేనేజరు మాత్రం మా పొగకు దగ్గుతూ, కిటికీలోంచి ఒక్కొక్కరి ముఖం చూస్తూ ఉండిపోయాడు.

ఆ తర్వాతి వారమే తండాలో గోరీ మొగుడు వాల్యా రక్తం కక్కుకున్నాడు. జనగామ దవాఖానలో ముందు పైసలు కడితేనే చేర్చుకుంటారట. పత్తి అమ్మిన డబ్బు గోరీ పేరు మీద బ్యాంకులోనే ఉంది. జైపాల్ ఆటోలో మొగుణ్ని పడుకోబెట్టుకుని నేరుగా అక్కడికే వచ్చింది. వేలిముద్ర వేసేవాళ్లకు సంతకం వచ్చిన ఖాతాదారు ఒకరు సాక్షి ఉండాలి. తండావాళ్లకు ఎప్పుడూ నేనే సాక్షిని. రాత్రిబడిలో నేర్చిన నాలుగక్షరాలు అందుకైనా పనికొచ్చాయని నాకు కాస్త మురిపెం కూడా.

ఓదెమ్మ అని రాయబోతుంటే మేనేజరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వొద్దు. గేటు ముందు గరిటె తిప్పింది నువ్వే కదా? ఆ ధర్నాలో లేనివాళ్లను తీసుకురండి."

"నా సంతకం నిన్నటిదాంక మంచిదే గద సారూ?"

"బ్యాంకుకు నమ్మకం కావాలి."

"తెలంగాణ గావాలన్నోళ్ల పైసలైతే మంచిగనే దాసుకుంటిరి!"

లైనులో ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వుకు ఆయన ముఖం ఇంకా మాడింది. కాగితం వెనక్కి నెట్టేశాడు.

"నీ కాల్మొక్త సారూ, మా ఆయన ఆటోల ఉన్నడు. జర చూడు సారూ," అంది గోరీ.

"సాక్షి వస్తే నిమిషంలో పని."

పొయ్యి దగ్గరికి రానివారిని ఎక్కడని వెతకాలి? ముసలివాళ్లూ వచ్చారు, బాలింతలూ వచ్చారు. చివరికి ఇదే బ్యాంకులో ఖాతా ఉన్న నర్సు షారోన్ గుర్తొచ్చింది. ఆ రోజు పిల్లలకు సూదులేసే డ్యూటీలో ఉండి రాలేదు. గట్ల మీద పడి పక్క ఊరిదాకా నడిచి పిలుచుకొచ్చాను. ఆ పిల్ల ముందు ఆటోలోకి వంగి వాల్యా చెయ్యి పట్టి చూసింది.

"అవ్వా, జల్ది!" అని లోపలికి ఉరికింది.

సంతకమైంది. నోట్లు కొంగున కట్టుకుంటూ గోరీ బయటికొచ్చేసరికి జైపాల్ ఆటో దిగి నిలబడి ఉన్నాడు. తలకు చుట్టిన తువ్వాల విప్పి చేతిలో పట్టుకున్నాడు.

గోరీ ఏడుపు విని మేనేజరు మెట్ల దాకా వచ్చాడు.

"ఆ రోజు మీరు నా గేటు ముందు గొడవ చేయకుండా ఉంటే..." అన్నాడు.

గోరీ తలెత్తి చూసింది.

"గా పొద్దు మా ఆయన జరమొచ్చి ఇంట్లనే పండుకుండె సారూ. నీ గేటు కాడికి రానే రాలే."

గోరీ ఆటో ఎక్కి, వాల్యా తల ఒళ్లోకి తీసుకుంది.

"తండకు పోనీ అన్నా," అంది.