నెమరు ఆగిన రెండు రోజులు

పావుగంటకోసారి ఎద్దును చూడాలి. మేస్తోందా, నెమరేస్తోందా, పడుకుందా అన్నది రాసుకోవాలి. దానికి చేయి తగలనీయకూడదు. యజమానికి ఏమీ చెప్పకూడదు.

1982 ఎండాకాలంలో, చిరాగ్‌పల్లిలో నాగవ్వ కొట్టం ముందు కూర్చుని అమర్నాథ్ ఇవన్నీ తు.చ. తప్పకుండా చేశాడు. ఆయన పశువుల డాక్టరు కాదు, పశువుల నడవడి మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త. వాళ్లింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు. చెప్పిన పద్ధతి దాటడం ఆయనకు చేతకాదు.

నాగవ్వకు ఎవరూ లేరు. ఆ ఒక్క ఎద్దును పక్కింటి ఎద్దుతో జోడు కడితేనే ఆమెకు సేద్యం.

"మా రామన్న ఎన్నిసార్లు నెమరేసిండో గూడ రాస్తవా సారూ? వానికేమన్న పిల్లనిస్తవా ఏంది?" అని ఆటపట్టించేది.

పదకొండో రోజున ఎద్దు నెమరు మానేసింది, అంటే జబ్బు పడ్డట్టే. అమర్నాథ్ రాసుకున్నాడు. పన్నెండో రోజూ నెమరు లేదు. చెబితే నాగవ్వ మందు పోయిస్తుంది, ఇన్నాళ్ల పని పాడవుతుంది. ఆమెకే కనబడదా అనుకుని నోరు మెదపలేదు.

పదమూడో రోజు పొద్దున ఎద్దు చచ్చిపోయింది.

"జహీరాబాద్ పశువుల దవాఖానకు తోలుకపోవాల్సింది గదా అవ్వా!" అన్నాడు అమర్నాథ్.

"నువ్వు పక్కనే కూసున్నవు గద బిడ్డా. గింత సదువుకున్నోడు చూస్తుండంగ నాకేం ఫికర్ అనుకున్న."

ఆ ఏడు నాగవ్వ చేను బీడు పడింది, ఆమె చెరకు కోత కూలికి పోయింది. అమర్నాథ్ వ్యాసం అచ్చయింది, పెద్దలు మెచ్చుకున్నారు. అందులో నాగవ్వ పేరు ఎక్కడా లేదు. ఇది చదివిన మీరైనా ఆమెను గుర్తుపెట్టుకోండి.