ఒకటే టేకు

ఎన్నో టేకో లెక్కపెట్టడం కూడా మానేశారు. డిజిటల్ కెమెరా కదా, తిరిగినంతసేపు తిరగనీ, పోయేదేముంది! అదిగో, అక్కడే వచ్చింది తంటా.

ఆ ఇరుకు టైలరింగ్ కొట్లో తీయాల్సింది ఒక్క షాటే. కొట్టు మూసేస్తున్న ముసలామె తన కుట్టుమిషన్ మీద ఆఖరిసారి గుడ్డ కప్పాలి. యూనిట్ అంతా పెద్దక్క అని పిలుచుకునే నటి మొదట్లో బాగానే చేసింది. కానీ టేకు అయిందో లేదో అందరూ మానిటర్ ముందుకు ఎగబడటం, "ఇంకోటి చేద్దాం, ఖర్చేముంది" అనడం. పాపం, ఆవిడ ముఖం పీక్కుపోయింది.

డైరెక్టర్ మాత్రం కెమెరా దగ్గరున్న చిట్టి మీద పడ్డాడు. "బొమ్మలో ప్రాణం లేదమ్మా! ఫిల్ముకున్న జీవం నీ డబ్బాకెక్కడిది? సాయంత్రంలోగా రాలేదో, రేపు వేరే కెమెరామన్ని పిలుస్తా."

చిట్టి కెమెరా పట్టిన మొదటి సినిమా ఇది. మిట్టమధ్యాహ్నం ఫోన్ మీద వేలు జరిపి, ఎల్ఈడీ లైట్లతో కొట్టంతా సంధ్యవెలుగు నింపిన పిల్ల! బాగుందని ఒక్కరన్నా అన్నారా?

భోజనాల వేళ నాన్నకి ఫోన్ చేసి ఏడ్చేసింది. కాసేపటికల్లా ఆయన దిగాడు, రిటైరయ్యేదాకా సినిమాలు తీసిన తన పాత ఫిల్ము కెమెరా భుజాన వేసుకుని. ఆదుకుంటాడనుకుంటే, డైరెక్టర్ దగ్గరికెళ్ళి, "ఒకటే టేకు బాబూ. రెండోది అడక్కు" అన్నాడు.

చిట్టికి ఒళ్ళు మండిపోయింది. కన్న తండ్రే అవతలి పక్షం చేరితే ఇక చెప్పుకునేదెవరికి?

"నీదీ తిరగనీవే, అడ్డేముంది" అన్నాడాయన తాపీగా. పంతంకొద్దీ తన కెమెరా కూడా పక్కనే పెట్టింది.

ఇక చూడాలి సంబరం! ఒకటే టేకు అనేసరికి ఫోన్లన్నీ జేబుల్లోకి పోయాయి. మానిటర్ వంక చూసే నాథుడే లేడు. పాత కెమెరా గరగరమంది. పెద్దక్క గుడ్డ కప్పింది, వెళ్ళబోయింది, వెనక్కొచ్చి గుడ్డ అంచెత్తి మిషన్ చక్రాన్ని చేత్తో నిమిరింది. సీను కాగితంలో లేదది! చిట్టికి ఒళ్ళంతా పులకరించింది.

"కట్!" అంటూనే డైరెక్టర్ గంతేశాడు. "అదీ ఫిల్మంటే!"

"ముందు అమ్మాయి దాంట్లో చూడు" అన్నాడు నాన్న.

చూశారు. పెద్దక్క చెంప మీద సంధ్యవెలుగు, కంటి కొసన తడి. డైరెక్టర్ ముక్కు ఎగబీల్చాడు. "దీంట్లోనే ఇలా ఉంటే ఆ రీల్లో ఇంకెలా ఉంటుందో గురువుగారూ!"

నాన్న తన కెమెరా మూత తీసి చూపించాడు. లోపల రీలే లేదు.

"నువ్వు చూసిన ప్రాణమంతా అమ్మాయి డబ్బాలోదే బాబూ. ఈ వెలుగు తేవాలంటే మా రోజుల్లో లారీడు లైట్లు కావాలి. ఆ వేడికి మేకప్ కారిపోయేది. మీకు లేనిదల్లా రీలు ఖర్చయిపోతుందన్న ఆ కాస్త భయమే."

పెద్దక్క పడీపడీ నవ్వింది. "మీ ఇల్లు బంగారంగానూ, నన్ను కూడా బోల్తా కొట్టించారే!"

"రేపు... నువ్వే రామ్మా" అని గొణిగాడు డైరెక్టర్.

రేపా? అందాకా ఆగే ఓపిక చిట్టికెక్కడుంది! మానిటర్ని గోడవైపు తిప్పేసి, "తరవాతి షాట్! ఒకటే టేకు!" అని కేకేసింది.

"నేను చూడొచ్చటే?" అన్నాడు నాన్న మెడ సాచి.

"అందరితోపాటే నాన్నా, అయ్యాక!" అంది చిట్టి.